కాకి ముంచిన ఓడ

పోయిన మంగళవారం పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. "సార్, లెవెల్ సారేనా?" అని మగగొంతు. నన్నలా పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద ఇప్పుడు నలుగురైదుగురు మిగిలి ఉంటారేమో. అవునన్నాను. "కడప నుంచి సార్. మా నాయన పోయినాడు. మీ నంబరు డైరీలో రాసి పెట్టుకోనుండె. చెప్పాలనిపించె," అన్నాడు. ఎవరి కొడుకో అర్థమైంది. అర్థమైన వెంటనే ఓదార్పు మాట రావాలా వద్దా? నా నోటి నుంచి ఏమొచ్చిందో చూడండి: "చూసింది చెప్తున్నావా నాయనా, విన్నదా?"

"నేనే మట్టేసి వచ్చినా సార్," అని పెట్టేశాడు.

నోట్లో బ్రష్షు అలాగే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ప్రశ్న నాది కాదు, పోయిన మనిషిది. ఏడాదిన్నర పాటు రోజుకు పదిసార్లు విని విని నా నాలుక మీద పడుకుని ఉండిపోయింది. ఆయన చావుకబురు వినగానే అది లేచి కూచుంది. ఆ పిల్లాడికి ఇదంతా ఎలా తెలుస్తుంది? మీకైనా చెబుతాను.

ఎనభైల చివర ఒమన్‌లో ఖురియాత్ దగ్గర రోడ్డు వేస్తున్న కంపెనీలో నేను సర్వేయర్ని. ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం ఇంజనీర్ని. ఆయన నాకు స్టాఫ్ పట్టుకునే మనిషి. కడప జిల్లా ముస్లిం. ఇంట్లో దక్కనీ, మాతో తెలుగు, మలబారు వంటవాడితో హిందీ, ఫోర్‌మన్‌తో నాలుగు అరబ్బీ ముక్కలు. నాకంటే పదిహేను పదహారేళ్ళు పెద్ద. క్యాంపులో అందరికీ భాయ్, నాకూ భాయే. ఆయనకు మాత్రం నేను సార్‌ని. వద్దు భాయ్ అని ఎంత మొత్తుకున్నా మానలేదు.

మా పని చెప్పకపోతే ఆ మనిషి అర్థం కాడు. లెవెల్ అంటే మూడు కాళ్ళ మీద నిలబెట్టిన దుర్భిణి. దాని వెనక నేను కన్ను పెడతాను. ఎదర కొంత దూరంలో భాయ్ నాలుగు మీటర్ల అల్యూమినియం కర్ర నిలబెడతాడు. స్టాఫ్ అంటే అదే. దాని నిండా అంకెలు. దుర్భిణిలోని గీత ఏ అంకె మీద పడితే అది పుస్తకంలో రాసుకుంటాను. నేల ఎక్కడ ఎంత ఎత్తో దాన్నిబట్టి తేలుతుంది. కర్ర నిటారుగా ఉండాలి. అది ముందుకు వంగినా వెనక్కి వంగినా అంకె అసలు కంటే ఎక్కువే చూపిస్తుంది, తక్కువ ఎన్నడూ చూపించదు. అందుకని కర్ర పట్టుకున్నవాడు దాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపుతాడు. ఆ ఊపులో కనబడిన అంకెల్లో అన్నిటికంటే చిన్నది రాసుకోవాలి. అదే నిజం.

"తక్కువ చెప్పిందే నిజం సార్," అనేవాడు భాయ్. కర్ర సంగతే కాదు, మనుషుల సంగతి కూడా. ఎవరైనా మాట కాస్త పెంచి చెబుతున్నట్టు తోస్తే కుడిచేతి చూపుడువేలు నిలబెట్టి ముందుకూ వెనక్కూ నెమ్మదిగా ఊపేవాడు. నోరు మెదిపేవాడు కాదు. ఆ వేలు కదిలితే చాలు, చెప్పేవాడు సగం కోత అక్కడే మింగేసేవాడు. నాలాంటి వాడికి ఆ వేలు ఎంత బాధో ఆలోచించండి. కోతలు కొయ్యకపోతే నాకు అన్నం అరగదు.

వేలు చాలని చోట ప్రశ్న వచ్చేది. "చూసిందా, వినిందా?" వచ్చే నెల నుంచి ఓవర్‌టైమ్ పెంచుతారట భాయ్ అంటే, "చూసిందా సార్, వినిందా?" రుస్తాఖ్ సైట్‌లో వానకు లారీ కొట్టుకుపోయిందట అంటే, "చూసిందా, వినిందా?" విన్నదే అని ఒప్పుకుంటే ఏమీ అనడు. "వినింది," అని తల ఊపి, ఆ మాటను ఏదో వేరే అరలో పెట్టుకున్నట్టు ఊరుకునేవాడు. తను ఏం చెప్పినా అంతే. "మధ్యాన్నం చేపల కూర సార్. వినింది. నేను చూడ్లేదు."

ఆయన దగ్గరొక టేప్‌రికార్డర్ ఉండేది. ఆ రోజుల్లో ఉత్తరం రాయడం రానివాళ్ళు క్యాసెట్‌లో మాట్లాడి, సెలవు మీద ఊరికి వెళ్ళేవాడి చేతికిచ్చి పంపేవాళ్ళు. శుక్రవారం భాయ్ గది ముందు చెప్పుల వరస ఉండేది. టేప్‌రికార్డర్ ఎవరికైనా ఇచ్చేవాడు గానీ ఒక షరతు: దాంట్లో అబద్ధం చెప్పకూడదు. కరీంనగర్ తాపీమేస్త్రీ ఒకతను, "అమ్మా, నేను మంచిగున్న, లావైన," అని మొదలుపెట్టాడు. భాయ్ మీట నొక్కి ఆపేశాడు. అతన్ని చెయ్యి పట్టుకుని వంటింటికి తీసుకెళ్ళి, బియ్యం బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టాడు. వచ్చినప్పటి కంటే నాలుగు కిలోలు తగ్గాడు. "ఇప్పుడు చెప్పు మీ యమ్మకు," అన్నాడు. ఆ మేస్త్రీకి కోపమొచ్చి పక్క గదిలో ఇంకొకరి టేప్‌రికార్డర్‌లో లావయ్యాడు. మేమంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాం. భాయ్ నవ్వలేదు. కాటాని సరిగ్గా జరిపిపెట్టి వచ్చాడు.

నాకూ ఆయనకూ ఒకసారి చెడింది. తప్పు నాదే. వాది అంటే వాన పడితే తప్ప నీళ్ళు కనిపించని వాగు. దాని అడుగున తూము కట్టాలి. ఎండలో అంత లోతుకు దిగి మూడు చోట్ల లెవెల్స్ తీసుకోవాలి. నాకు దిగబుద్ధి కాలేదు. ముందురోజు అంకెల వరస చూసి, ఇంతే ఉంటుందిలే అని మూడు అంకెలు పికప్‌లో కూచునే రాసేశాను. మా పని తనిఖీ చేయడానికి కన్సల్టెంట్ తరఫున ఒక ముసలి ఇంగ్లీషాయన ఉండేవాడు. అరవై దాటినా మోకాళ్ళ దాకా నిక్కరు, పెద్ద టోపీ, చేతిలో ఎప్పుడూ టీ ఫ్లాస్కు. మావాళ్ళు ఆయన్ని దొర అనేవాళ్ళు. దొర నా పుస్తకం తిరగేసి, ఆ మూడు అంకెల మీద వేలు పెట్టి, నన్నడక్కుండా భాయ్‌ని అడిగాడు, అక్కడ కర్ర నిలబెట్టావా అని.

"నో సార్," అన్నాడు భాయ్.

పని మొత్తం మళ్ళీ చేయాల్సి వచ్చింది. తీరా చూస్తే ఒకచోట నేను రాసినదానికీ అసలుకీ జానెడు తేడా. తూము కట్టి ఉంటే నీళ్ళు పోకుండా అక్కడే నిలిచేవి. అయినా వారం రోజులు భాయ్‌తో మాట్లాడలేదు. ఏడో రోజు పికప్‌లో ఆయనే అన్నాడు: "మీ మీద చెప్పలేదు సార్. కర్ర మీద చెప్పినా." నేను రేడియో పెట్టాను. దొర మాత్రం ఆనాటి నుంచి తన ఫ్లాస్కులోంచి మొదటి కప్పు టీ భాయ్‌కే పోసేవాడు. అది చూసి నాకు ఒళ్ళు మండేది, దాచడమెందుకు.

తర్వాత మూడు నెలలకనుకుంటాను, సముద్రం పక్క రోడ్డు ముక్కలో పని. పొద్దున పదిగంటలప్పుడు సముద్రం మీది నుంచి రెండు జెట్ విమానాలు బాగా కిందుగా వచ్చి మా నెత్తి మీదుగా కొండల వైపు వెళ్ళిపోయాయి. చప్పుడు వాటి వెనక వచ్చి చెవులు గడియలు పడేలా కొట్టింది. మేమంతా తలలెత్తి చూస్తున్నాం. దొర లేడు. చూస్తే పికప్ చక్రం పక్కన మోకాళ్ళ మీద ఒదిగి కూచుని, టోపీ రెండు చేతులతో నెత్తికి అదుముకుని ఉన్నాడు. మెల్లగా లేచి మోకాళ్ళు దులుపుకుని, మా అందరి ముఖాలూ చూసి నవ్వాడు.

"ఎందుకు వంగినాడో అడగండి సార్," అన్నాడు భాయ్.

"అలా అడక్కూడదు భాయ్. బాగోదు."

మేం ఏం మాట్లాడుకున్నామో దొరకు తెలిసిపోయినట్టుంది. టీ పోసుకుంటూ ఆయనే చెప్పాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు రెండో యుద్ధంలో ఒక చిన్న కాపలా ఓడ మీద పనిచేశాడట. సింగపూర్ రేవు నుంచి రెండు పెద్ద యుద్ధనౌకలు బయల్దేరితే వాటి వెంట వెళ్ళింది ఈయన ఓడ. వాటి ఫిరంగులు ఒక్కొక్కటి మనిషి దూరి పాకేంత లావు. అవి వెళ్తుంటే రేవంతా చేతులూపిందట. మూడో రోజు, పట్టపగలు, నడి సముద్రంలో, జపాన్ విమానాలు వచ్చాయి. పైన కాపాడటానికి తమ విమానం ఒక్కటీ లేదు. రెండు గంటల్లో రెండూ మునిగిపోయాయి. ఈయన ఓడ సముద్రంలోంచి మనుషుల్ని ఏరుకుని వెనక్కి తెచ్చింది.

"మా నాన్న కూడా నౌకాదళంలోనే ఉండేవాడు," అన్నాడు దొర. "నా చిన్నప్పుడు మా ఇంట్లో భోజనాల దగ్గర ఎవరైనా విమానం ఓడను ముంచుతుంది అంటే పెద్దవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. గుడ్డా కర్రా కలిపి కుట్టిన పిట్ట, ఇనుప కోటను ఏం చేస్తుందని. అమెరికా వాళ్ళు ఒక పాత ఓడను లంగరేసి నిలబెట్టి, బాంబులేసి ముంచి చూపించారు. నిలబడ్డ ఓడ, దాంట్లో ఎదురు కాల్చే మనిషి లేడు, అదీ ఒక లెక్కేనా అన్నారు. తర్వాత యుద్ధంలో మా విమానాలే ఇటలీ ఓడల్ని రేవులో ముంచాయి. అప్పుడూ, రేవులో కట్టేసిన ఓడలు కదా అన్నారు. పరిగెత్తే ఓడను, కాల్చే ఓడను ముంచలేవు అన్నారు. ఆ రోజు ఆ రెండూ పరిగెత్తుతున్నాయి, కాలుస్తున్నాయి. నేను చూశాను."

నేను ముక్కముక్కా తెలుగులో చెబుతున్నాను. చివరి మాట చెప్పాక భాయ్ వైపు చూస్తే, ఆయన కర్రను ఇసుకలో పడుకోబెట్టేశాడు. కర్రను ఎన్నడూ నేల మీద పెట్టని మనిషి, కీళ్ళలో ఇసుక దూరుతుందని దాన్ని కుదించి ఒళ్ళో పెట్టుకుని అన్నం తినే మనిషి.

"వాళ్ళ ఊర్లో గూడా నగినారా సార్?" అన్నాడు.

ఆ సాయంత్రం క్యాంపుకు తిరిగొస్తూ పికప్‌లో మొదటిసారి తన ఇంటి సంగతి చెప్పాడు. వాళ్ళ నాయన వయసులో ఉండగా మద్రాసులో ఓడెక్కి సింగపూర్ పోయాడు, రేవులో కూలికి. యుద్ధం ముగిశాక ఊరికొచ్చి, తాను పెద్ద యుద్ధనౌకలో బాయిలర్‌కు బొగ్గు వేసేవాణ్ణని, ఆ ఓడను విమానాలు ముంచాయని, తాను ఈది బయటపడ్డానని చెప్పాడు. ఊరి జనం విమానాన్ని ఎరగనివాళ్ళేం కాదు. యుద్ధంలో అప్పుడొకటి ఇప్పుడొకటి పైన పోతుంటే చూశారు, కాకంత కనబడేది. 'అంత ఓడను ఇంత కాకి ముంచిందంట' అని చావిట్లో ఒకడన్నాడు. అంతే, పేరు పడిపోయింది. వాళ్ళది కాకోళ్ళ ఇల్లు. ఊళ్ళో ఎవడు గొప్పలు చెప్పినా, "ఆఁ, కాకి ఓడను ముంచిందిలే," అనడం సామెతైపోయింది. బడిలో భాయ్ లేచి లెక్క చెప్పబోతే వెనక బెంచీ వాళ్ళు కావు కావుమనేవాళ్ళు. పెళ్ళిచూపులకు వెళ్తే పిల్ల తండ్రి మొదట అడిగింది, "కాకోళ్ళేనా మీరు?" అని.

"ఇప్పుడు అందరికీ తెలుసు కదా భాయ్, విమానాలు ఓడల్ని ముంచుతాయని," అన్నాను.

"ఇప్పటి ఇమానాలు యేరే, అప్పుడు యాడియి అంటారు సార్. పడిన పేరు యాడికి పోతాది?" అన్నాడు. "మా నాయన మంచంలో ఉండాడు. ఒగటే అడుగుతాడు సార్. నేను పొయ్యేలోగా ఆ చావిట్లో ఒగడన్నా అది నిజమే అనాల అని. నేను చెప్తే ఏం లాభం? నాది వినిందే. చూసినోడు కావాల. ఇన్నేండ్లకు దొరికినాడు."

ఆ వేలు, ఆ కాటా, ఆ ప్రశ్న అన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో అప్పటికి తెలిసింది. కోతలోడి కొడుకు అనిపించుకున్నవాడు జన్మలో ఒక్క కోత కొయ్యకూడదని ఒట్టు పెట్టుకుని బతుకుతున్నాడు. నాకు చాలా జాలేసింది, నా మీద నాకు కొంచెం రోత కూడా.

చూసిందంతా క్యాసెట్‌లో చెప్పమని అడిగితే దొర సరేనన్నాడు. ఆ శుక్రవారం జుమ్మా నమాజ్ అయ్యాక ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు వేసుకుని, కొత్త బ్యాటరీలు వేసిన టేప్‌రికార్డర్ చంకన పెట్టుకుని వచ్చాడు భాయ్. క్యాసెట్ ఖురియాత్ బజార్లో కొన్నది, ఇంకా కాగితం విప్పలేదు. దొర ఆఫీసు క్యాబిన్‌లో ముగ్గురం కూచున్నాం. ఎర్ర మీట నొక్కి భాయే మొదలుపెట్టాడు: "నాయనా, సలాం. చావిట్లో అందురూ వినాలని తెలుగులోనే మాట్లాడ్తాండా. ఇది వినింది కాదు. చూసినాయన చెప్తాండాడు. మా లెవెల్ సారు తెలుగు చేస్తాడు."

దొర బాగా చెప్పాడు. విమానాలు ఎన్ని వైపుల నుంచి వచ్చాయో, ఓడ ఎలా ఒరిగిందో, సముద్రం మీద నూనె మందంగా తేలి మనుషుల ముఖాలు ఎలా నల్లబడ్డాయో. ఒక్కో మాటా తెలుగులో చెబుతుంటే భాయ్ కళ్ళు మూసుకుని వింటున్నాడు. అప్పుడన్నాడు: "అడగండి సార్. మా నాయన ఆ పెద్దోడలో బాయిలర్ కాడ బొగ్గేస్తాండె. ఈది వచ్చినోళ్ళలో మనోడు ఎవరన్నా కనపడినాడా అని."

అడిగాను. దొర టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. భాయ్ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. తర్వాత చాలాసేపు, చాలా మెల్లగా మాట్లాడాడు. ఆ రెండు ఓడల్లోనూ బొగ్గు లేదు, రెండూ నూనెతో నడిచేవే. వాటి సిబ్బందిలో హిందూస్తానీలు లేరు. రేవులో మాత్రం వందలమంది పనిచేసేవాళ్ళు. ఈయన తండ్రి వాళ్ళలో ఒకడై ఉంటాడు. ఓడ మీద మాత్రం లేడు. నన్ను క్షమించాలి, అన్నాడు.

టేప్ తిరుగుతూనే ఉంది. నేను "దొరగారికి గుర్తు లేదంట భాయ్. ఆ గందరగోళంలో ఎవరెవరో తెలియలేదంట," అన్నాను. కోతలు నాకు కొత్తా? ఎంత చక్కగా వచ్చిందో ఆ అబద్ధం! అంత మంచి అబద్ధం నేను మళ్ళీ ఆడలేదు.

భాయ్ మీట నొక్కి ఆపాడు. "ఆయప్ప అంతసేపు చెప్పె, మీరు ఇంతే చెప్తిరే," అన్నాడు. చూపుడువేలు నిలబెట్టాడు. ముందుకూ వెనక్కూ ఊపాడు. "కర్ర వంగింది సార్."

ఇక చెప్పక తప్పలేదు. టేప్ ఆగి ఉండగా, తల వంచుకుని, బొగ్గు మాట, సిబ్బంది మాట అన్నీ చెప్పాను. భాయ్ తన తెల్లచొక్కా చేతిమడతలు విప్పి మళ్ళీ మడిచాడు. ఆ మనిషి నలభై ఏళ్ళుగా ఏ మాట కోసం కావు కావుమనిపించుకున్నాడో ఆ మాట నిజమని తేలింది, అదే గంటలో తండ్రి అబద్ధాలాడాడనీ తేలింది. క్యాసెట్ నేల మీదేసి తొక్కుతాడనుకున్నాను. పోనీ అక్కడికి ఆపేసి, ముందు భాగమే పంపుతాడనుకున్నాను. నేనైతే అదే చేసేవాణ్ణి.

"వెనక్కి తిప్పి, మీరు చెప్పిన ఆ ముక్క తీసేసి, ఉన్నదున్నట్టు చెప్పండి సార్," అన్నాడు. "మొత్తం."

చెప్పాను. సెలవు మీద వెళ్తున్న ఒక కడప మేస్త్రీ చేత క్యాసెట్ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండు నెలలు భాయ్ మామూలుగానే డ్యూటీకి వచ్చాడు, కర్ర మామూలుగానే పట్టాడు. మాట మాత్రం తగ్గిపోయింది. కొత్త క్రేన్ వస్తుందట భాయ్ అని నేను కావాలనే కదిపేవాణ్ణి. "చూసిందా సార్?" అనేవాడు, ఏదో అలవాటు చొప్పున. శుక్రవారాలు టేప్‌రికార్డర్ ఎవరికి కావాలంటే వాళ్ళకిచ్చి తను బయటికి వెళ్ళిపోయేవాడు. దాంట్లో ఎవరు లావైనా పట్టించుకోలేదు.

మేస్త్రీ సెలవు నుంచి తిరిగొస్తూ ఇంకో క్యాసెట్ తెచ్చాడు. మధ్యాహ్నం అన్నాల వేళ గాఫ్ అనే ఎడారి చెట్టు నీడలో పికప్ ఆపాను. నేను దిగబోతే భాయ్ చెయ్యి పట్టుకున్నాడు. "మీరు గూడా ఉండండి సార్. ఆ మాట మీ నోటితోనే పాయె." పికప్‌లోని టేప్‌లో క్యాసెట్ పెట్టాడు. ముందు కోడి కూత, ఎవరో గిన్నె కిందపడేసిన చప్పుడు. తర్వాత దగ్గు. తర్వాత ముసలి గొంతు.

"లెవెల్ సారుకు సలాం. నీ క్యాసెట్ చేరింది బిడ్డా. నేనొగన్నే వినల్యా. మంచంతోనే చావిట్లోకి మోపిచ్చుకోని, అందరి ముందర పెట్టిచ్చినా, మొత్తం. దొర మాటకు ఎవురూ నగల్యా. నేను ఓడ ఎక్కల్యా అనే కాడగూడా నగల్యా.

"ఆయప్ప చెప్పింది నిజమే. నేను రేవులో ఆ ఓడకు రంగేసినా. తాళ్ళకు కట్టిన పలక మీద యాలాడుకుంటా. ఒగ పక్కన్నా కాలేదు, అంత పెద్దది. దాని మీద చెయ్యి పెడితే ఎండకు ఎద్దు ఒళ్ళు మాదిరి ఎచ్చగుండె. అది ఎల్లిపాయె. మూడో దినానికి మనుషులొచ్చిరి, ఒళ్ళంతా నల్లగా నూనె, కండ్లు మాత్రం తెల్లగా. ఇమానాలు ముంచినాయని వాళ్ళే చెప్పిరి. తుడుచుకునేకి నా లుంగీ ఇస్తి.

"ఊరికొచ్చి ముందు ఉన్నదున్నట్టే చెప్తి నాయనా. రంగేసినాననే చెప్తి. నగిరి. 'నువ్వు చూసినావా?' అనిరి. లేదప్పా, విన్యా అంటే ఇంగా నగిరి. ఎన్నితూర్లు చెప్పినా అదే మాట. చూసినావా, చూసినావా. ఒగనాడు ఓర్చుకోలేక, చూసినా అంటి. యాడుండి చూసినావనిరి. ఓడలోనే ఉంటినంటి. బొగ్గేస్తాంటినంటి. అది నమ్మిరి! ఓడ ఎక్కినానంటే నమ్మిరి బిడ్డా, ఇమానం మాట మాత్రం నమ్మల్యా.

"ఆ పొద్దు ఒగడన్నా 'చెప్పు, వింటాం' అని కూచోనింటే, నేను ఆ ఓడ ఎక్కుండేవాన్ని కాదు."

తర్వాత దగ్గు, ఎవరో ఆడమనిషి నీళ్ళు తాగమనడం, టక్కున ఆగిపోవడం.

భాయ్ మీట నొక్కలేదు. ఖాళీ టేప్ సరసరమని తిరుగుతూనే ఉంది. ఆయన చూపుడువేలు మోకాలి మీద నిలబడి ఉంది. ఊగలేదు. కాసేపటికి దాన్ని ఇంకో చేత్తో మెల్లగా మడిచి పట్టుకున్నాడు. "నేనూ అదే అడిగినా సార్," అన్నాడు. "చిన్నప్పుడు. బళ్ళోనుంచి ఏడ్చుకుంటా వచ్చి, నువ్వు చూసినావా నాయనా అని." నాకు ఏడుపొచ్చింది. ఆయన ఏడవలేదు. దిగి, వెనక నుంచి కర్ర తీసుకుని, నీడలోంచి ఎండలోకి నడిచాడు.

ముసలాయన ఆ ఏడాదే పోయాడు. భాయ్ సెలవుకు వెళ్ళొచ్చాక, పేరు పోయిందా భాయ్ అనడిగాను. "యాడ పోతాది సార్? ఇంగా కాకోళ్ళే. కాకపోతే ఇప్పుడు నగకుండా పిలుస్తాండారు," అన్నాడు.

ఒకరోజు వాదిలో పని చేస్తూ చేస్తూ నా పాత రోగం కొద్దీ ఒక కోత మొదలుపెట్టాను. కాలేజీ రోజుల్లో కృష్ణ వరద మీదుంటే ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదాను భాయ్, అని. అలవాటు చొప్పున ఆయన వేలి వైపు చూశాను. వేలు లేదు. కర్రకు గడ్డం ఆనించి, నా ముఖంలోకే చూస్తున్నాడు.

"చెప్పండి సార్. వింటా," అన్నాడు.

అంత నెమ్మదిగా, అంత నిజంగా నా మాట వింటానని అంతకుముందు ఎవరూ అనలేదు. గట్టు దాకా వచ్చాను, నీళ్ళలో దిగాను, రెండు బారలు వేశాను. ఆపైన మాట సాగలేదు. "ఈదలేదు భాయ్," అన్నాను. "పడవలో దాటాను. దాంట్లో కూడా భయపడ్డాను." ఆయన తల ఊపాడు. నవ్వలేదు. ఆ తర్వాత మేమిద్దరం కలిసి ఉన్నన్నాళ్ళూ "చూసిందా, వినిందా" అనే మాట ఆయన నోట మళ్ళీ రాలేదు.

చూశారా, ఆయన వదిలేసిన ప్రశ్నను నేను ఇన్నేళ్ళూ పట్టుకుని తిరిగాను. దాన్నే తీసుకెళ్ళి ఆయన కొడుకు మీద విసిరాను.

బుధవారం పొద్దున ఆ నంబరుకు నేనే ఫోన్ చేశాను. నిన్న అలా అడిగినందుకు తప్పు పట్టుకోవద్దన్నాను. కుర్రాడు ముభావంగా, పర్లేదు సార్, అన్నాడు.

"మీ నాయన సంగతి చెప్పు నాయనా," అన్నాను. "వింటాను."

ముందు తడబడ్డాడు. తర్వాత చెప్పాడు, ఎప్పుడు మంచాన పడ్డాడో, ఏం తిన్నాడో, చివరి వారం ఎవరెవర్ని పేరు పెట్టి పిలిచాడో. గంట దాకా చెప్పాడు. నేను ఏమీ అడగలేదు.